చీటీలో గురువారం

ఆ రోజుల్లో మార్కాపురంలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి కుర్చీ కంటే రెండడుగులు ఎత్తుగా గర్వం ఉండేది. నాకు మూడడుగులు. (ఇప్పుడు నడుంనొప్పి ఒక్కటే మిగిలింది.) నా మొదటి ఉద్యోగం పశువుల మందుల దుకాణంలో. అక్కడ గొర్రెలకు, మేకలకు టీకాలు వేసే పెద్దాయనను ఊరంతా సూదిమామ అనేది. డాక్టరు వచ్చేది బుధవారం ఒక్కరోజే, ఆయన లేనిదే మామ సూది ముట్టకూడదు. చిటుక రోగం టీకా వేయించిన గొర్రెలను రెండు వారాలకు మళ్లీ తోలుకురావాలి. ఆ సంగతి మామ ఒక్కొక్కరికీ అరిచి చెప్పేవాడు. అది నాకు మోటుగా తోచి, మందుల చీటీ మీద ఆనాటి తేదీని వారంతో సహా తెలుగులో అచ్చువేసే ప్రోగ్రాం రాశాను. ఇక నోరు నొప్పి పెట్టుకోవద్దని, రెండు వారాలు ఆగి చీటీలో ఉన్న వారానికి రమ్మంటే చాలని మామకు సలహా కూడా ఇచ్చాను.

ఆ యంత్రం వారాలను ఆదివారం నుంచి లెక్కపెడుతుంది. నేనేమో, బడి తెరిచేది సోమవారమే కదా అని, పేర్ల జాబితాను సోమవారంతో మొదలుపెట్టాను. దాంతో అంకెలు సరిగ్గానే పడి, పక్కన మర్నాటి పేరు పడింది. యజమాని అంకెలు చూసి మెచ్చుకున్నాడు. మా వైపు గొర్రెలకాపరులు అంకెలు చూడరు, వారమే చూస్తారు.

రెండు వారాల తర్వాత గురువారం పొద్దున దుకాణం ముందు రోడ్డంతా గొర్రెలే. నల్లమల అంచు పల్లెల నుంచి నడిచి వచ్చినవాళ్లు డాక్టరు లేడని తెలిసి కూలబడ్డారు. వాళ్లలో ఒక పెద్దమ్మ మామకు చీటీ చూపించింది. "మేం బుధవారమే అనుకున్యాం అన్నా. దీంట్లో గురువారమని మా మనవరాలు చదివింది. కాగితం కంటే మాకెక్కువ తెలుసా?"

యజమాని చీటీలో అంకెలు సరిగ్గానే ఉన్నాయని చూసి మామనే తగులుకున్నాడు. వారం చెప్పడం కూడా రాకపోతే ఇక ఇంటికి పొమ్మన్నాడు. మామ చీటీని ముక్కుకు ఆనించుకుని చూశాడు. "ఇచ్చింది నేనే గదా. నాకే కండ్లు ఆనలేదేమో" అన్నాడు. తర్వాత సైకిలెక్కి పోయి, డాక్టరును బతిమాలి తీసుకొచ్చాడు. ఆ సందులో నేను జాబితాలో ఆదివారాన్ని మొదటికి జరిపాను. ఒక్క నిమిషం పని. ఆ తప్పు నాదని చెప్పడానికి మాత్రం పాతికేళ్లు పట్టింది. మామ ఉద్యోగం నిలిచింది కానీ, వచ్చిన ప్రతి కాపరీ "మామా, ఇయ్యాల ఏ వారం?" అని ఆటపట్టించేవాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

మొన్న గిద్దలూరులో కూతురింట ఉన్న మామ దగ్గరికి పోయి అంతా చెప్పుకున్నాను. ఆయన అద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"అయితే నేను కండ్ల డాక్టరు కాడికి పోయింది నీ వల్లనా? పోతే నిజంగానే పొర ఉందన్యాడు. అద్దాలొచ్చినాకే సూది గొర్రెకు పడింది రా. అంతకుముందు పట్టుకున్నోళ్లకు గూడా పడేది."

ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి అడిగాడు. "ఒరే, ఇయ్యాల ఏ వారం?"

జవాబు నాలుక చివరే ఉంది. అయినా చెప్పులు విడిచి, మళ్లీ లోపలికి వెళ్లి, గోడ మీది క్యాలెండరు చూసుకున్నాకే చెప్పాను.