రబ్బరు రింగు వేయని రంధ్రం

నిరుడు వానాకాలంలో వరద సాయానికి వెళ్లాలని మా పికప్ బండిలో, ఫోన్లు పనిచేయని చోట కూడా మాట్లాడుకునే హామ్ రేడియో పెట్టించాం. దానికి లైసెన్సు ఉన్నది నాకు. అబిడ్స్‌లో ఒక మెకానిక్ యాంటెన్నా కేబుల్‌నూ కరెంటు వైరునూ లోపలికి తేవడానికి ఇంజన్ వెనక రేకుకు రంధ్రం కొట్టాడు. అంచు పదునుగా ఉంది, రబ్బరు రింగు వేయమన్నాను.

"గవన్నీ మీకు తెల్వయి మేడం. నేను సార్‌తోని మాట్లాడుతున్న గదా" అన్నాడు.

మా ఆయన నవ్వి ఊరుకున్నారు. నేనూ నోరు మూసుకున్నాను.

మూడో రోజు నాంపల్లి స్టేషన్ ముందు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు నా కాళ్ల దగ్గర గుప్పున పొగ లేచింది. రేకు అంచుకు కోసుకుపోయి కరెంటు వైరు అంటుకుంది. ఇద్దరం దూకేశాం. పక్క ఆటో డ్రైవర్ పరుగున వచ్చి బ్యాటరీ వైరు పీకకపోతే బండి కాలిపోయేది.

కాలిన వైరు పట్టుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లాం.

"సారీ సార్" అన్నాడు, మా ఆయనతో.

నా ఒళ్లు మండిపోయింది. "రింగు వెయ్యమని చెప్పింది నేను. సారీ నాకు చెప్పు" అన్నాను. షాపులో అందరూ తిరిగి చూశారు. అతను చెప్పాడు. దారిలో మా ఆయనా చెప్పారు.

అయినా మర్యాదకు పోయి ఆ రోజు ఊరుకున్నందుకు నా మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.