కూలగొట్టడానికి కట్టిన గోడ

తాపీమేస్త్రీకి చెయ్యి ముందు లేస్తుంది, మాట తరువాత వస్తుంది. నలభై ఏళ్ల పనిలో ఇద్దరు కూలీల పళ్లు రాలగొట్టాడు. సొంత బావమరిది ముక్కు పగలగొట్టాడు. "ఈయన దగ్గర తిన్నగా ఉండేవి గోడలొక్కటే" అంటుంది భార్య.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలో ప్రహరీ ఎత్తు పెంచడానికి అతన్ని పిలిచారు. మాటలు రాని పదకొండేళ్ల పిల్ల ఒకతె గోడ దూకి రోడ్డు మీదికి పోయింది. అప్పటినుంచి పిల్లలందరినీ గదుల్లోనే ఉంచుతున్నారు. నాలుగు రోజుల్లో ఆ పిల్ల టీచర్ చెవి కొరికింది, పక్కపిల్ల తలను కిటికీకేసి కొట్టింది. ఇంకొకరికి రక్తం వస్తే పంపించేస్తామని పెద్దమేడం తల్లికి చెప్పేసింది. అంతకు ముందు రెండు బళ్లు అలాగే పంపించేశాయి.

మేస్త్రీ పనిలోకి దిగిన రెండో రోజు ఆ పిల్ల తలుపు తోసుకుని బయటపడింది. పచ్చిగోడ మీద పడి మూడు వరసలు కూలదోసింది. మేస్త్రీ ఆమె చెంప ఛెళ్లుమనిపించాడు. ఆమె అతని మణికట్టు పట్టి, తోలు ఊడేదాకా కొరికింది.

రోజూ గేటు దగ్గరే కాచుకుని కూర్చునే తల్లి పరుగెత్తుకొచ్చింది.

"ఇంకోటి వెయ్యండి అన్నయ్యా. ఇంట్లో నేనూ అదే చేస్తున్నా, లాభం లేదు."

"లాభం లేదని తెలిసీ ఎందుకమ్మా కొట్టడం?"

"మీరెందుకు కొట్టారు?"

మేస్త్రీ మణికట్టుకి తువ్వాలు చుట్టుకున్నాడు. పిల్ల ఇసక కుప్ప మీద బోర్లా పడుకుని చెంప రుద్దుకుంటోంది. రొప్పు తగ్గింది. గోడ కూలదోశాక సాయంత్రం దాకా ఆమె ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు.

"ఆ రక్తమేంటి?" అని పెద్దమేడం అడిగితే చువ్వ గీసుకుందన్నాడు. నిజం చెబితే తన దెబ్బా బయటపడుతుంది.

మర్నాడు సిమెంటు లేకుండా ఉత్త ఇటుకలు నడుమెత్తు పేర్చి, పిల్లని బయటికి వదలమని టీచర్‌కి చెప్పాడు. ఆమె భుజంతో గుద్దింది, కాళ్లతో తన్నింది, పడ్డ ఇటుకల్ని ఎత్తి నేలకేసి బాదింది. వేళ్లు చీరుకుపోయాక ఇసకలో పడుకుంది. వారమంతా ఇదే తంతు. ఆ వారంలో ఆమె కొట్టింది రెండుసార్లే. రెండూ వానకి బయటికి పంపని రోజునే.

"మేస్త్రీ గారూ, గోడ కడుతున్నారా, కూలగొడుతున్నారా?" అంది పెద్దమేడం.

"రెండూనమ్మా. ఒకటి మీకు, ఒకటి ఆ పిల్లకి."

ప్రహరీ పూర్తయిన రోజు తల్లికి ఇటుకలు పేర్చడం నేర్పాడు.

"జాయింటు మీద జాయింటు రానివ్వకు, కింది రెండిటి అతుకు మీద పై ఇటుక నడుము పడాలి. గట్టిగా ఉంటేనే దానికి కూలగొట్టినట్టుంటుంది. అవి చేతులా, చెక్కలా?"

"అరవకండి అన్నయ్యా, అది చూస్తోంది."

పిల్ల పిడికిలి బిగించి మేస్త్రీ మీదికి వచ్చింది. అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆమె అతన్ని దాటి వెళ్లి తల్లి పేర్చిన గోడను గుద్దింది. పై ఇటుక ఎగిరి తల్లి మోకాలు చీల్చింది. రక్తం కాలి వెంట దిగింది. తల్లి వరండా వైపు చూసింది. పెద్దమేడం అక్కడే నిలబడి ఉంది.

"రేపు ఎనిమిదిన్నరకే రండి" అంది పెద్దమేడం. "పేర్చడానికి టైము పడుతుంది."