గవరయ్య జీపు దాహం

గవరయ్య జీపుకు దాహమెక్కువ. అగస్త్య మహర్షి సముద్రాన్ని ఒక్కసారే ఆపోశన పట్టాడని పురాణం. గవరయ్య జీపు మాత్రం నుయ్యి కనబడిన ప్రతిచోటా ఆగి బకెట్ల చొప్పున తాగేది. ఆ దీవిలో గోల్ ఘర్ బస్తీ నుంచి మౌంట్ హారియట్ కొండకు యాత్రికులను చేర్చడం అతని వృత్తి. బండిని పడవ ఎక్కిస్తే పొద్దుటే చేరగల కొండకు, అతడు చౌల్దారీ ఊరి మీదుగా చుట్టుదారిన సాయంకాలానికి చేర్చేవాడు.

"పడవెందుకు ఎక్కించవు భయ్యా?" అంటే, "సునామీ చూసిన బండి కదా బాబూ, సముద్రమంటే దానికి దడ" అనేవాడు.

ఆ ఉపద్రవం తరువాతి రెండేళ్లలో అతని జీపెక్కి చేదతాడు పట్టని యాత్రికుడు లేడు. విహారానికి వచ్చిన కొత్త దంపతులు చౌల్దారీలో చెరి ముప్పై చేదలు తోడి, బొబ్బలెక్కిన అరచేతులతో కొండెక్కారు. "పెళ్లిలో బిందెలో ఉంగరం తియ్యలేదా? ఇదీ అంతే" అని గవరయ్య ఊరడింపు.

రేడియేటరు తాగగా మిగిలిన నీటితో అతడు జీపును కడిగేవాడు. అవీ చౌల్దారీ నూతి ఉప్పునీళ్లు! బండి అడుగున తుప్పు తిన్న చిల్లుల్లోంచి రోడ్డు దర్శనమిచ్చేది. ఉప్పుతో అభిషేకం చేయించుకునే దైవం ముల్లోకాల్లో ఆ జీపొక్కటేనని మెకానిక్కులు నవ్వేవారు.

నవ్వనిది అచ్చమ్మ ఒక్కతే. ఆ చౌల్దారీ నుయ్యి ఆమెదే. సునామీ మర్నాటి సముద్రపు పోటుకు పొలమూ నుయ్యీ ఉప్పుబారాయి. గట్టు వేసి సముద్రాన్ని ఆపారు గాని, నోట పోసుకోలేని నీటితో కాపురం సాగదు. గోల్ ఘర్‌లో తమ్ముడి పంచన చేరింది. ఆదరణకు లోటు లేదు. అయినా తన పొయ్యి తనది కదా! చివరికి మనసు చంపుకొని ఇల్లూ నేలా అమ్మడానికి ఒప్పుకుంది. ఎల్లుండే వేలిముద్ర.

ఆ సమయంలో భీమిలి నుంచి తమ్ముడి వియ్యపురాలు పుష్పావతి వచ్చింది. ఆమెకు కొండ చూపించడానికి అచ్చమ్మ గవరయ్య జీపే ఎక్కవలసివచ్చింది. చౌల్దారీ చేరేలోగా జీపు మూడుసార్లు ఆగింది.

"మళ్లీ ఏటయ్యా?" అంది పుష్పావతి.

"దాహమేసింది దీదీ."

"బండికా, నీకా?"

"నాకు చాయ్‌తో సరిపోద్ది."

నాలుగోసారి ఆగింది అచ్చమ్మ నూతి దగ్గరే. ఆమె దిగలేదు. "సచ్చిన నూతిని కూడా ఒగ్గవేట్రా?"

గవరయ్య ఒక చేద తోడి లోటా అందించాడు. "నోట్లో ఏసుకో దీదీ. తర్వాత తిట్టు."

ఉమ్మేద్దామనే పుక్కిట పట్టింది. ఉమ్మలేదు. మింగింది. మళ్లీ తాగింది. మునుపటి తియ్యదనం లేదు గాని, ఉప్పు లేదు!

"పాత నీళ్లు తోడేస్తేనే కదా వాన నీళ్లు దిగేది!" అన్నాడతడు. "నా ఒక్కడివల్ల అయ్యే పనా? అందుకే బండెక్కిన సవారీలందరిచేతా తాడు పట్టించినాను."

"మరి సెప్పలేదేట్రా?"

"ఆశపెట్టి మళ్లీ ఉప్పే తాగించమంటావా?"

"నీకెవులు సెప్పినారు ఈ పని?"

"ఎవులూ సెప్పలేదు. సునామీ వచ్చిన పొద్దున్న వండూర్ ఒడ్డు నుంచి జనాన్నేసుకొని పరిగెత్తుకొస్తే, అందరికీ తోడిపోసినావు. పొగలు కక్కుతున్న బండికీ పోసినావు. అప్పట్నుంచి ఇటొస్తే దానంతటదే ఆగిపోతాది దీదీ. నానేం సెయ్యను?"

పుష్పావతి కొంగు దోపి తాడందుకుంది. "ఇంకెన్ని తోడాలయ్యా?"

"ఆగు వదినా!" అని అచ్చమ్మ దూకినట్టే దిగింది. "ఇయి తాగే నీళ్లు. ఇక బండి కడిగినావంటే సెయ్యి ఇరగ్గొడతాను గవరయ్యా!"

తమ్ముడికి రుచి చూపించి, వేలిముద్ర వెయ్యనని చెప్పడానికి ఒక డబ్బా నింపి ఒళ్లో పెట్టుకుంది.

కొండ సగమెక్కేసరికి జీపు ముందునుంచి గుప్పున ఆవిరి లేచింది. "దాహం దీదీ! ఈసారి నిజెంగానే!" అన్నాడు గవరయ్య బెంబేలుగా. రెండేళ్లుగా దాహం పేరుతో ఊరూరా బండి ఆపిన మనిషికి, ఆ పూట నూతి సంబరంలో రేడియేటరు నింపడమే గుర్తులేదు.

పుష్పావతి నవ్వాపుకోలేక సీటులోనే ఒరిగిపోయింది. అచ్చమ్మ మాత్రం డబ్బా పుచ్చుకొని కిందికి దిగి, ఆవిరి చల్లారేదాకా ఆగి, రేడియేటరు మూత తీసింది.

"తాగవే తల్లీ," అంటూ పోసింది. "తమ్ముడికి రేపు తోడతాను."