మరియా ఆంటీ డబ్బా, నా పులిహోర

మా ఆవిడ పద్మ పోయి కొన్ని నెలలైంది. వంటింట్లో మాది కాని డబ్బా ఒకటి ఉండిపోయింది, నీలం మూతది. ఇక్కడ సింగపూర్‌లోనే టోవా పాయోలో ఉండే మరియా ఆంటీది. పద్మ ప్రతి శనివారం ఆవిడ దగ్గరికి వెళ్లి రుసిన్ భాష నేర్చుకునేది. డబ్బా ఇచ్చేసి, ఆ శనివారాలకు ముగింపు పలుకుదామని బయల్దేరాను. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి పులిహోర చేశాను. జీవితంలో అదే నా మొదటి పులిహోర. చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది.

మేముండే యీషున్ నుంచి టోవా పాయోకి రైలు మారే పని లేదు. అరగంట, రెండు డాలర్ల లోపు. వాన పడుతోందని నేను టాక్సీ ఎక్కి దాదాపు పదింతలు ఇచ్చాను. పోపు వాసన తగిలి డ్రైవరు అడిగాడు.

“అంకుల్, తమిళా?”

“తెలుగు.”

“అదీ తమిళమే కదా లా! కొంచెం వేరే, అంతే,” అన్నాడు, ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలిస్తూ.

“కాదు,” అన్నాను. ముఖం కిటికీ వైపు తిప్పేసుకున్నాను.

మరియా ఆంటీది స్లొవాకియా తూర్పు కొండల్లో ఒక ఊరు. డెబ్బై దాటాయి. కూతురి ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చారు. తాముండే అపార్ట్‌మెంట్ బ్లాకు కింద రాతి బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. డబ్బా, ఒక చెంచా చేతికిచ్చి, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, “రుసిన్ అంటే ఉక్రేనియన్‌లో ఒక యాసే కదండీ?” అన్నాను.

ఆవిడ చెంచా కింద పెట్టారు. “మీ తెలుగు తమిళంలో యాసా?”

టాక్సీలో నా ముఖం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

అడగకుండానే పాఠం మొదలైంది. రష్యన్, ఉక్రేనియన్‌ల లాగే రుసిన్‌దీ తూర్పు స్లావిక్ శాఖ. రాసేది సిరిలిక్ లిపిలో. పొరుగున స్లొవాక్, పోలిష్ ఉండటంతో పశ్చిమ శాఖ మాటలూ వచ్చి చేరాయి. ఉక్రేనియన్‌లో భాగమనే పండితులున్నారు, విడి భాష అనేవాళ్లూ ఉన్నారు.

“పండితులెవరూ మా వంటింట్లోకి రాలేదు,” అన్నారు ఆంటీ. “పద్మ ఈ ప్రశ్న వేయలేదు. ‘నన్నూ అందరూ తమిళమా అనే అడుగుతారు’ అంది. అక్కడే స్నేహం కుదిరింది.” పులిహోర నోట్లో పెట్టుకున్నారు. “ఉప్పు లేదు.”

“వేశాననుకున్నాను.”

“పద్మది ఇలా ఉండేది కాదు.”

“ఉండేది కాదు,” అన్నాను. అయినా ఆవిడ మెతుకు మిగల్చలేదు.

డబ్బా తీసుకుని పైకెళ్లారు. పని అయిపోయిందనుకుని గొడుగు తెరిచాను. అదే డబ్బా నింపుకుని దిగివచ్చారు. లోపల పిరోహీలు. చూడటానికి ఉడికించిన కజ్జికాయలు, లోపల బంగాళాదుంప.

“ఖాళీ డబ్బా ఇవ్వకూడదని పద్మే నేర్పింది.”

“డబ్బా మీదేనండీ!”

“అయితే వచ్చే శనివారం తెచ్చివ్వండి. ఉప్పు వేసి.”

“ద్యాకుయు,” అన్నాను. రుసిన్‌లో కృతజ్ఞత చెప్పే మాట. నాకు వచ్చింది అదొక్కటే. పొద్దున నా చేతి కాఫీ అందుకుంటూ పద్మ అనేది.

తిరుగు ప్రయాణం రైల్లో చేశాను. డబ్బా ఒళ్లో వెచ్చగా ఉంది. ఒక పని ముగించడానికి వెళ్లినవాణ్ని, వచ్చే వారానికి పని పెట్టుకుని వచ్చాను. పెద్దగా బాధ అనిపించలేదు.

రుసిన్ మాట్లాడేవారిని కలవబోతుంటే ఒక్క సూచన: అది ఏ భాషకు యాస అని మాత్రం అడగకండి. ఉప్పు తక్కువైతే క్షమిస్తారు.