పదికి పది పడిన వాక్యం

శనివారం పొద్దున ఆరింటికి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకని కోడుమూరులో ఎరువుల అంగడి పక్క మెట్లెక్కబోతుంటే అంగడాయన ఆపాడు.

"యాడికప్పా ఎక్కుతాండావు? మీ సారు తెల్లారుజామున పొయినాడు. గుండె ఆగిపొయిందంట."

నేను నవ్వాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, నవ్వాను. నిన్న సాయంత్రం ఫోనులో నన్ను తిట్టిన మనిషి పొద్దునకల్లా ఎట్లా లేకుండా పోతాడు? అంగడాయన మాత్రం నవ్వలేదు. సగం ఎత్తిన షట్టరు పట్టుకుని అట్లే నిలబడ్డాడు.

పాఠకులకు సవినయంగా మనవి చేసేదేమంటే, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నవాడు మూడేళ్లు కాలేజీకి పోయి కూడా ఇంగ్లీషులో 'హౌ ఆర్ యూ' దాటి అడుగు వేయలేనివాడు. అటువంటి పన్నెండుమందిని సార్ పోగుచేసి, రోజుకొక వాక్యపు మూస బోర్డు మీద రాసేవారు. అందులో ఎవరి వాక్యం వాళ్లు పోసుకోవాలి. షరతు ఒక్కటే: వాక్యం నిజమై ఉండాలి.

'ఐ యామ్ అబౌట్ టు' నేర్పిన రోజు నేను లేచి, కలెక్టర్ కాబోతున్నానని గంభీరంగా ప్రకటించాను.

"పరీక్ష యానాడు రాసినావప్పా?"

"రాయలేదు సార్."

"అయితే సున్నా. గ్రామర్ బాగానే ఉండాది, మాటే ఉత్తది. మీ ఇంట్లో ఉండేది చెప్పు."

వెనక బెంచీలో కూర్చునే టైలరింగ్ అక్క, తమ ఎనుము ఈనబోతోందని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. సార్ సుద్దముక్క పక్కన పెట్టేశారు. "అవునామ్మా? యానాడు? మొదటి ఈతా?" పాఠం అక్కడితో సరి. ఆమెకు పదికి పది. వారం తర్వాత మాకందరికీ జున్ను.

"తినేదానికి, పండుకునేదానికి, భయపడేదానికి మాటలు కావల్ల. పుస్తకాల్లో ఉండే లండన్ రైలు మనకెందుకప్పా?" అనేవారు సార్.

నా సున్నాలు అట్లా పేరుకుపోతుండగా, పోయిన బుధవారం 'ఐ హావ్ బీన్' వచ్చింది. ఏ దయ్యం పట్టిందో, "ఐ హావ్ బీన్ హైడింగ్ టూ ఫెయిల్డ్ సబ్జెక్ట్స్ ఫ్రమ్ మై ఫాదర్ ఫర్ ఎయిట్ మంత్స్" అనేశాను. క్లాసంతా పగలబడి నవ్వింది. నేను నోరు తెరిస్తే నవ్వడం వాళ్లకు అలవాటు. సార్ నవ్వలేదు. పదికి పది వేసి, అందరూ దిగిపోయాక దగ్గరకు పిలిచారు.

"ఇంగ్లీషులో చెప్పేసినావు. తెలుగులో ఎప్పుడు?"

"నాయన కొడతాడు సార్."

"కొట్టనీ. ఆదివారం నేనొస్తా. చెప్పేది నువ్వే. నేను పక్కన కూచ్చుంటా, అంతే."

రావద్దని సాకులు చెప్పినందుకే శుక్రవారం ఫోనులో ఆ తిట్లు. అప్పటికే నాయనకు కబురు కూడా పెట్టేశారట, ఆదివారం వస్తున్నానని.

ఆదివారం సార్ రాలేదు. మేమే పోయాం, చర్చి వెనక సమాధుల దగ్గరకు. సార్ వస్తారని ఇస్త్రీ చేయించుకున్న చొక్కానే నాయన వేసుకున్నాడు. అందరితోపాటు గుంటలో పిడికెడు మన్ను వేసి, నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"మీ సారు ఈరోజు మనింటికి వస్తానన్న్యాడు. ఏం మాట్లాడాలనిరా?"

తప్పించుకోవడానికి ఒక్క జోకూ దొరకలేదు. పక్కన కూర్చుంటానన్న మనిషి ఆ గుంటలో ఉన్నాడు.

"రెండు సబ్జెక్టులు పొయినాయి నాయనా. ఎనిమిది నెలలాయ. డిగ్రీ కాలేదు."

నాయన చెయ్యి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. అది వచ్చి నా భుజమ్మీద ఆగింది. శానాసేపు అట్లే ఉంది.

"ఇంటికి పోదాం పా" అన్నాడు.

ఎండలో ఇద్దరం నడుస్తుంటే చూసుకున్నాను. నా తెల్లచొక్కా మీద ఐదు వేళ్లు, ఎర్రమట్టిలో.