సున్నుండల మీద మెరుపు

బౌరంపేటలో ఏ శుభకార్యం జరిగినా మా ఆవిడ సున్నుండలు ఉంటాయి. వాటిని ప్లాస్టిక్‌లో చుట్టనివ్వలేదన్న గొప్ప మాత్రం నాకు దక్కింది. "సారు ప్లాస్టిక్ కంపెనీల జేస్తడు గదా, ఆయనకు ఎర్కే" అంటారు. ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

మేము కాకినాడ నుంచి వచ్చి గుండ్లపోచంపల్లిలో ఉంటున్నాం. కూరగాయల మీద కప్పే పల్చటి ఫిల్మ్ చేసే కంపెనీలో నాది అమ్మకాల పని. మొదట్లో బౌరంపేటలో ఒకావిడ తన కూతురి శ్రీమంతానికి సున్నుండలు అడిగింది. మా ఆవిడకు అదే మొదటి పెద్ద ఆర్డరు. ఒక్కోటీ విడిగా చుట్టి మెరిసేలా ఇస్తామని మాటిచ్చింది నేను. రోల్ తెచ్చిందీ నేనే.

నెయ్యి చల్లారితే ఉండ కట్టదు. ఆవిడ వేడిమీద కడుతుంటే నేను అలాగే ఫిల్మ్‌లో బిగించాను. కాసేపటికి ఆవిడ ఒకటి విప్పి వాసన చూసింది.

"ఏవండీ, మిఠాయి కొట్టువాళ్లు నేతి సరుక్కి అడిగితే ఇదే ఇస్తారా?"

ఇవ్వం. ఈ ఫిల్మ్‌ను సాగేలా చేసే రసాయనం నెయ్యిలోకి, నూనెలోకి దిగుతుంది. వేడి తగిలితే ఇంకా దిగుతుంది. వాళ్లకు వేరే రకం ఇస్తాం.

"దిగితే కొంచెమేలే," అన్నాను.

"కడుపుతో ఉన్న పిల్లకి ఆ మాట మీరే చెప్పి పెట్టండి మరి."

చుట్టినవన్నీ పక్కన పడేసి మళ్లీ మినుములు వేయించింది. స్టీలు డబ్బాల్లో అరిటాకు పరిచి సర్దింది.

మూత తీయగానే ఆ తల్లి మొహం చిట్లించింది. "ఏంది చెల్లె గిది? మెరిసే కవర్లల్ల ఇస్తమంటిరి గదా!"

మా ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆర్డరు పోయిందనుకున్నాను. ఈలోగా కూతురు వచ్చి ఒకటి నోట్లో వేసుకుంది.

"మెరుపు తింటమా అమ్మా, లడ్డూ తింటమా? ఇంకోటియ్యి, చిన్నమ్మా."

తల్లి నవ్వేసింది. "సారు చెప్పిండా గీ ముచ్చట?"

"ఆయనే," అంది మా ఆవిడ, నావైపు చూడకుండా. నేను కాదనలేదు.

మొన్న ఆ కూతురికి పుట్టిన పాప పుట్టినరోజుకు డబ్బాలు మోసుకెళ్లాను. సారుకు ఎర్కే అని మళ్లీ మొదలుపెట్టారు. "నేను చుట్టానమ్మా, ఈవిడ విప్పింది," అని అందరి ముందూ చెప్పాను.

"గట్లనా! అయితే ఇయాల సారుకు లడ్డూ బంద్," అంది ఆ తల్లి.

అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆవిడే. ఖాళీ డబ్బాలు నేనే మోసుకొచ్చాను, గర్వంగా.