నల్ల కోడిపిల్ల పెరిగేదాకా

మా ఇంటికి మళ్లీ తాళం పడకూడదని నేను కోడిపిల్లల్ని కొన్నాను. వినేవాళ్లకు నవ్వొస్తుందేమో, రానీ. ఆ పొద్దు నాకు తోచిన ఉపాయం అదొక్కటే.

కుందుర్పి పక్కన మాకు కాస్త మెట్టపొలం ఉంది. వేరుశెనగ తప్ప ఇంకేదీ వేయం. ఆ ఏడు విత్తనం పడగానే ఒక వాన బ్రహ్మాండంగా కురిసింది. తీరా ఊడలు దిగి కాయ పట్టే సమయానికి మొహం చాటేసింది. చెట్లు పీకి చూస్తే గుల్లలే కానీ గింజ లేదు. బోరు అంతకుముందే నీళ్లు మాని గాలి కక్కుతోంది. ఇక మా ఆయనకు కాలు నిలవలేదు. పొద్దున లేస్తే చాలు, ఫోన్ చెవికి పెట్టుకొని వాకిట్లో అటూ ఇటూ తిరగడమే. అవతల మాట్లాడేది బెంగళూరు మేస్త్రీ. సెంట్రింగ్ పని ఉంది, ఆలుమగలు ఇద్దరూ వస్తే ఉండటానికి షెడ్డు ఇస్తానంటాడు.

ఆ షెడ్డు వైభోగం నాకు తెలియందా? అంతకుముందు ఒకసారి పోయి ఉండి వచ్చినవాళ్లమే. నెత్తిన రేకులు, పక్కన ఇసుక కుప్పలు, చెవులు చిల్లులు పడేలా మిక్సర్ మోత. అదంతా భరించవచ్చు. అప్పుడు మా పాపను ఉరవకొండలో వాళ్ల మేనత్త ఇంట్లో వదిలి పోయాం. ఆవిడ మంచిదే, బాగానే చూసుకుంది, అబద్ధం చెప్పకూడదు. ఒకసారి చూడ్డానికి పోయి నేను బిస్కెట్ ప్యాకెట్ ఇస్తే బిడ్డ చేయి చాపలేదు. తీసుకోవచ్చా అన్నట్టు వాళ్ల అత్త మొహం చూసింది. కన్నతల్లిని నేను ఎదురుగా నిలబడి ఉన్నాను, అది ఇంకొకరి మొహం చూస్తోంది! తిరిగొచ్చే బస్సులో ఎవరు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. ఇంకోసారి దాన్ని వదిలి ఎక్కడికీ పోనని అప్పుడే అనుకున్నాను.

అనుకుంటే సరిపోతుందా? ఎదురుగా రానని చెబితే ఇంట్లో రోజూ పంచాయితీ. నాకు నోరు ఎక్కువ, మా ఆయనకు మౌనం ఎక్కువ. నేను గంటసేపు అరిచి అలిసిపోయాక ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకొని, ఏమీ జరగనట్టు మళ్లీ మేస్త్రీకి ఫోన్ చేస్తాడు. అట్లాంటి మనిషితో ఎట్లా గెలుస్తాం?

ఆ గొడవల నడుమే ఒక ఉదయం కోడిపిల్లల వ్యాపారి మా వీధిలోకి వచ్చాడు. మోపెడ్ వెనక వల కప్పిన వెదురు బుట్టలు, వాటి నిండా కియ్ కియ్‌మంటూ ఒకటే గోల.

“అన్ని జాతులూ కలిసినవి ఉండాయి అక్కా. నాటువి, గిరిరాజావి, బోడిమెడవి. ఇదో, ఈ నల్లవి కడక్‌నాథ్. మాంసం గూడా నల్లగా ఉంటాది,” అన్నాడు.

జన్మలో కోళ్లు పెంచినదాన్ని కాదు. అయినా ఆ బుట్టలోకి చూడగానే బుర్రలో తళుక్కుమంది. ఇంత పసివాటిని ఇంట్లో పెట్టుకొని తాళం వేసి ఎవరు పోతారు? వెంటనే అట్టపెట్టె తెచ్చి, అన్ని రకాలూ కలిపి నింపించుకున్నాను.

పొలం నుంచి వచ్చిన మా ఆయన పెట్టెలోకి తొంగి చూశాడు.

“ఇవేంటికి మే? మనం పోయేటోళ్లం కదా.”

“యాడికి పోయేది? వీటినెవరు చూస్తారు, మీ మేస్త్రీ వచ్చి నూకలేస్తాడా? పెరగనీ. పెరిగినాంక అమ్మేసి పోదాం.”

ఆయన ఏదో అనబోయాడు. పాప అప్పటికే ఒక పిల్లను అరచేతిలో పెట్టుకొని దాని నెత్తి మీద ఊదుతోంది. ఆయన పాపనే కాసేపు చూసి, “సరే, పెరగనీ,” అన్నాడు. ఆ మాటతో నాకు ఊపిరి వచ్చింది.

ఊపిరి వచ్చిందే కానీ నిమ్మళం పోయింది. పెట్టె అడుగున శెనక్కాయ పొట్టు పరిచి, వెచ్చదనానికి పైన బల్బు వేలాడదీశాను. కరెంటు పోయిందంటే చాలు, కుండలో నిప్పులు వేసి, గోనె చుట్టి పక్కన పెట్టడానికి పరుగు. చలికి తట్టుకోలేక కొన్ని మొదట్లోనే పోయాయి. నల్లవాటిలో ఒక్కటే మిగిలింది. కాస్త తేరుకొని వాకిట్లోకి వదిలితే గద్దల భయం. ముద్ద నోట్లో పెట్టుకుంటానో లేదో, పైన నీడ కదిలినట్టుంటుంది. కంచం అక్కడే పడేసి చీపురు ఎత్తుకొని బయటికి ఉరికేదాన్ని. చూస్తే ఆకాశంలో ఏమీ ఉండదు. వంట చేస్తున్నా చెవులు వాకిట్లోనే, బట్టలు ఉతుకుతున్నా కళ్లు వాకిట్లోనే. కొక్కెర తెగులు పట్టుకుంటే మంద మందంతా తుడిచిపెట్టుకుపోతుందని ఎవరో అన్నారు. ఇక ఆగుతానా? పిల్లల్ని గంపలో వేసుకొని పశువుల ఆసుపత్రికి పోయి వాటి కంట్లో టీకా చుక్కలు వేయించుకొచ్చాను.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. కలగలుపు మంద కదా, అన్నీ ఒకేలా పెరగవని నాకేం తెలుసు? గిరిరాజాలు దిష్టి తగిలేట్టు పెరిగిపోయాయి. కాళ్లు లావెక్కాయి, రొమ్ములు విరుచుకొని నడుస్తున్నాయి. నాటువి వాటి వెనకాల మెల్లగా. బోడిమెడవి మెడ చూపించుకుంటూ అటూ కాకుండా ఇటూ కాకుండా. నల్లది మాత్రం వచ్చిన నాటికి ఇప్పటికీ పెద్ద తేడా లేదు.

మా ఆయన చూపు గిరిరాజాల మీద పడింది. “చూడు మే, ఇవి గంపలో పట్టేటట్టు లేవు. పెరిగినాయి కదా, ఇంగ అమ్మేద్దాం.”

నేను నల్లదాన్ని పట్టుకొచ్చి ఆయన మొహం ముందు పెట్టాను. “దీన్ని చూడు. పిడికిట్లో పడతాంది. ఇది పెరిగిందా? చెప్పు, పెరిగిందా? దీన్ని ఇట్లే వదిలి పోతావా?”

“ఒగదాని కోసం...”

“మాటంటే మాటే. అన్నీ పెరగల్ల.”

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

అప్పటినుంచి నా ప్రాణమంతా ఆ నల్లదాని మీదే. అది చచ్చిందా, మిగిలినవన్నీ పెరిగినవే కాబట్టి బెంగళూరు ప్రయాణమే. అది పెరిగిందా, అప్పుడూ ప్రయాణమే. అంటే అది బతకాలి, కానీ పెరగకూడదు. ఇదెక్కడి కోరిక తల్లీ అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. మేత వేసేటప్పుడు చేయి ఆగేది. తక్కువ వేద్దామా అనిపించేది. అది మెడ వంచి నా కాలివేలు పొడిచి అడుగుతుంటే మనసొప్పక ఇంకో పిడికెడు వేసేదాన్ని. వేశాక మళ్లీ దిగులు. పెద్దవి దాన్ని తోకదగ్గర పొడిచి నెత్తురు తెప్పిస్తే వేపనూనెలో పసుపు కలిపి పూసి, దాన్ని విడిగా బుట్ట కింద మూసి, పక్కనే పీట వేసుకొని కూర్చున్నాను.

పక్కింటి వదిన గోడ మీంచి చూసి నవ్వింది. “ఏం మే, ఆ కాకిపిల్లను సంకనేసుకొని తిరుగుతాండావు? అదేమన్నా నీ మొగునికి కాపలా కాస్తాదా?”

“కాస్తాంది వదినా. అది కాయబట్టే ఆయప్ప ఇంగా ఇంట్లో ఉండాడు,” అన్నాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతంతా ఆమెకు చెప్పేశాను. ఆమె నవ్వు ఆపి, “మీ ఆయనకు ఇది తెల్దంటావా?” అంది. ఆయనకేం తెలుస్తుంది, మట్టిముద్ద లాంటి మనిషి అన్నాను.

ఎంత కాదన్నా, పెరిగేది పెరగక మానుతుందా? ఎండ దంచుతున్న ఒక మధ్యాహ్నం నల్లది రెక్కలు టపటపలాడించి ఎగిరి గోడెక్కింది. ఎండలో దాని నల్ల ఈకలు ఆకుపచ్చగా నిగనిగలాడాయి. ఎంత అందంగా ఉందో! నా గుండెల్లో మాత్రం రాయి పడింది. వెనక్కి తిరిగి చూశాను. మా ఆయన అరుగు మీద కూర్చొని గోడ వైపే చూస్తున్నాడు. పెరిగింది కదా అంటాడని నోట్లో మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆయన అనలేదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కాసేపు వాకిలంతా చూసి లేచిపోయాడు.

మరుసటి రోజు పొద్దున్నే వాకిట్లో గడ్డపార చప్పుడు. బయటికొచ్చి చూస్తే ఆయన గుంతలు తవ్వుతున్నాడు.

“ఏంది చేస్తాండావు?”

“గూడు కడతాండా. యానాటికీ గంపలేనా?”

నా చెవులను నేనే నమ్మలేదు. పొలంలో మూలకు పడేసిన బోరు పైపులు కోసి తెచ్చి కాళ్లు పాతాడు. అడుగున ముంగిస తవ్వకుండా బండలు పరిచాడు. చుట్టూ ఇనుప వల, పైన రేకు, గాలికి ఎగిరిపోకుండా రేకు మీద రాళ్లు. లోపల కోళ్లు ఎక్కి కూర్చోవడానికి కర్రలు అడ్డంగా బిగించాడు. మేస్త్రీతో ఫోన్లు కూడా ఆగిపోయాయి. పంట పోయిన నాటి నుంచి ఆయన ఇంత శ్రద్ధగా ఏ పనీ చేయడం నేను చూడలేదు. బడి నుంచి రాగానే పాప మేకులు అందిస్తుంటే ఇద్దరూ ఏవేవో మాట్లాడుకునేవాళ్లు.

నాకు భూమ్మీద కాళ్లు నిలవలేదు. పొద్దున ఉగ్గాని చేశాను, బజ్జీలు వేశాను. మరో రోజు పండుగా పబ్బమా ఏమీ లేకుండానే ఓళిగలు చేశాను. వదినకు గోడ మీంచి గిన్నె అందిస్తూ గొప్పలు పోయాను.

“ఇంగ నీకు భయం లేదులే మే,” అంది ఆమె కూడా. “పోయేటోడెవడన్నా ఇంత గట్టిగా కడతాడా?”

అదే కదా నేనూ అనుకుంటున్నది. ఎన్నాళ్ల తర్వాతో ఆ రోజుల్లో కడుపునిండా తిన్నాను.

గూడు పూర్తయిన రోజు సాయంత్రం ఆయన నన్ను పిలిచాడు. తలుపు తీసి చూపించాడు, వేసి చూపించాడు.

“బోల్టు కిందికి పెట్టినా. పాపకు అందుతాది. నువ్వు పొలంకాడ ఉన్నా పాపే మూస్తాది.”

“బాగుండాది,” అన్నాను మురిసిపోతూ.

“రేకు లేస్తే ఈ తీగ బిగించు, చాలు. ఇంగ కుక్క రాదు, పిల్లి రాదు, ముంగిస రాదు. నేను లేకపోయినా నీకు భయముండదు.”

నా నవ్వు మొహం మీదే ఉండిపోయింది. “లేకపోయినా అంటే?”

“సోమవారం పోతాండా. పొలంకాడి నుంచి మేస్త్రీతో మాట్లాడినా. ఒగడికైతే షెడ్డు లేదంట, పెండ్లి గాని పిల్లగాళ్లతో పాటు రూములో పడుకుంటా.” ఆయన నా వైపు చూడకుండా వలకు చిక్కుకున్న ఈక తీస్తున్నాడు. “నువ్వు, పాప ఈడ్నే ఉండండి.”

ఒళ్లు మండిపోయింది. “నిన్నెవరు కట్టమన్నారు ఈ గూడు? అడిగినానా నేను? ఇవన్నీ ఏంటికి తెచ్చుకున్నా అనుకుంటాండావు? నువ్వు పోకూడదని! ముగ్గురం ఒగ చోట ఉండల్లని!” వాకిట్లో ఉన్నామన్న ధ్యాస లేకుండా అరిచాను. పాప గడపలో నిలబడి చూస్తోంది.

“తెలుసు మే,” అన్నాడు మెల్లగా. “మొదటిరోజే తెలుసు. ఎన్నాళ్లు కుదిరితే అన్నాళ్లు ఉండినా.”

నేను గూడు బోల్టు తీశాను, మళ్లీ వేశాను.

సోమవారం ఆయన బస్సెక్కాడు. పాప నా పక్కనే ఉంది, నా చీర కొంగు పట్టుకొనే ఉంది. నేను కోరుకున్నది నాకు దక్కింది. ఎవరన్నా అడిగితే అదే చెబుతాను. కానీ ఇంట్లో నిలవలేను, వాకిట్లో నిలవలేను. గద్ద వచ్చినా రాకపోయినా బయటికి ఉరికే అలవాటు మాత్రం పోలేదు. నల్లది గుడ్లు పెడుతోంది. ఇన్నాళ్లలో గూట్లోకి ఒక్క పురుగు కూడా చొరబడలేదు.

ఆయన మధ్యాహ్నం అన్నం వేళకు ఫోన్ చేస్తాడు. పాప చదువు అడుగుతాడు, కోళ్లను అడుగుతాడు, గూడు ఎట్లుందని అడుగుతాడు. బాగుందని రోజూ చెబుతాను. మొన్న మాత్రం ఏం పుట్టిందో నాకు, ఉన్నట్టుండి అనేశాను.

“తలుపు ఊడిపోయింది. గాలికి రేకు గూడా లేచిపోయింది. నావల్ల కాలేదు, వచ్చి బాగు చేసిపో.”

అవతల మిక్సర్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

“అది ఊడదు మే,” అన్నాడు చివరికి. “నాకూ రావాలనే ఉండాది.”